ముక్కుకో పద్ధతి, బుగ్గకో పద్ధతి

పొద్దున్నే అద్దంలో చూసుకుంటే ముక్కు నిగనిగలాడుతుంది. బుగ్గ మీద వేలు పెడితే పొట్టు లేస్తుంది. "ఇది జిడ్డు ముఖమా అక్కా, పొడి ముఖమా?" అని కోంటా, సుక్మా వైపు మన పిల్లలు అడుగుతూనే ఉంటారు.

రెండూనే తల్లీ. దీన్ని కాంబినేషన్ స్కిన్ అంటారు. నుదురు, ముక్కు, గడ్డం దగ్గర నూనె గ్రంథులు ఎక్కువ, బుగ్గల దగ్గర తక్కువ. అంతే, జబ్బేమీ కాదు. అనుమానంగా ఉంటే ముఖం కడుక్కుని, ఏమీ రాయకుండా ఓ అరగంట ఆగు. పల్చటి టిష్యూ ముక్క ముక్కు మీద అద్ది చూడు, ఇంకోటి బుగ్గ మీద అద్ది చూడు. ఒకదానికి నూనె మరక పడి, రెండోది పొడిగా వచ్చిందంటే తేలిపోయినట్టే.

మనం చేసే తప్పల్లా ముక్కు మీద కోపం ముఖమంతా తీర్చుకోవడం. రోజుకు నాలుగైదుసార్లు ఒంటి సబ్బుతో తోమేస్తాం, చాలదన్నట్టు నిమ్మచెక్క రుద్దుతాం. చర్మానిది కాస్త ఆమ్ల గుణం, పీహెచ్ 5 అటూ ఇటూ ఉంటుంది. మామూలు సబ్బుది 9, 10 దాకా ఉంటుంది. ముక్కు ఎలాగో ఓర్చుకుంటుంది, పాపం బుగ్గలేం చేస్తాయి చెప్పు? అందుకని మంట పుట్టించని మెత్తటి ఫేస్‌వాష్ ఒకటి పెట్టుకో. పొద్దున ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి, చాలు. ముక్కు పక్క సందుల్లో వేళ్ళతో కాసేపు తిప్పు, బుగ్గల మీద అలా పోనిచ్చి కడిగేయ్. తువ్వాలుతో రుద్దకు, అద్దుకో.

తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ రాయాలి. జిడ్డు ముఖానికి మళ్ళీ క్రీమా అని మూతి ముడవకు. ముఖమంతా పల్చటి జెల్ రకం, చలికాలం బుగ్గల మీద మాత్రం గ్లిజరిన్ ఉన్న చిక్కటి క్రీమ్ ఇంకో పూత. మరి ఇంట్లో ఇప్పనూనె ఉందిగా అంటావా? బస్తర్‌లో తోరా నూనె అని పిలుచుకునే ఆ నూనె పగిలిన మడమలకి, తెల్లబారిన మోచేతులకి ఎంత బాగా పనిచేస్తుందో మనకు తెలియనిది కాదు. దాన్ని అక్కడికే ఉంచు. మొటిమలొచ్చే ముఖానికి వద్దు.

నూనె అంటే గుర్తొచ్చింది. నుదుటి మీద, జుట్టు మొదలయ్యే చోట చిన్నచిన్న పొక్కులు వరసగా వస్తున్నాయా? తలనూనె కిందికి దిగి చేసే పని అది. తలంటుకునే ముందు రాత్రి నూనె పెట్టుకుని గుడ్డ కట్టుకో, మర్నాడు కడిగేయ్. ఆ దిండు గలీబు కూడా కాస్త ఉతుకుదూ.

ముక్కు మీద నల్లటి చుక్కలకి (బ్లాక్‌హెడ్స్) సాలిసిలిక్ ఆమ్లం బాగుంటుంది. 2 శాతం దాటకుండా, వారానికి రెండు రాత్రులు, నుదురు, ముక్కు, గడ్డం వరకే. బుగ్గల జోలికి తీసుకెళ్ళకు. ముందు చెవి వెనక కాస్త రాసి ఒక రోజు చూడు. కడుపుతో ఉంటే డాక్టర్నడిగాకే.

ఇక ఎండ. తునికాకు కోసే ఏప్రిల్, మే నెలల్లో ఆ వేడి మనకు కొత్తా? ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ రెండు వేళ్ళ పొడవునా తీసుకుని ముఖానికీ మెడకీ రాయి. బయటే ఉంటే రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి. అంత ఖర్చు అందరివల్లా కాదు, నాకు తెలుసు. తలమీదుగా బుగ్గలు కప్పేలా పల్చటి నూలు గుడ్డ చుట్టుకున్నా సగం పని అయినట్టే. యాభయ్యేసి ఆకుల కట్టలు కట్టిన చేత్తో ముఖం మీద చెమట మాత్రం తుడవకు, ఆ దుమ్మంతా ముక్కుకే అంటుతుంది.

కొత్త వస్తువు ఏదైనా ఒక్కటే మొదలుపెట్టు, కనీసం నాలుగు వారాలు ఆగు. మూడో రోజుకే ఫలితం చూపించే క్రీమ్ దొరికిందని సంబరపడుతున్నావా? నాకు భయమేసేది అక్కడే. సంతలో, మందుల షాపులో తెల్లబడతావని చేతిలో పెట్టే ట్యూబుల్లో స్టెరాయిడ్ ఉంటుంది చాలాసార్లు. మొదట నునుపొస్తుంది. తర్వాత చర్మం పల్చబడి, ఎర్రబడి, మొటిమలు విరుచుకుపడతాయి. 2018లో కేంద్రం ఇలాంటి క్రీములు చాలావాటిని డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదంది, అయినా చేతులు మారుతూనే ఉన్నాయి. డబ్బా మీద బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మోమెటాసోన్ అని ఉందేమో ఇవాళే చూడు. నెలల తరబడి రాసి ఒక్కసారిగా ఆపితే ముఖం మండిపోతుంది, కాబట్టి సొంత వైద్యం వద్దు. ఆ ట్యూబు చేత్తో పట్టుకుని జగదల్‌పూర్ మెడికల్ కాలేజీ ఆసుపత్రికైనా, భద్రాచలం వైపు చర్మ డాక్టరు దగ్గరికైనా వెళ్ళు. సిగ్గుపడి దాచకుండా ఎన్నాళ్ళు రాశావో ఉన్నదున్నట్టు చెప్పు.