ఒక పాత మాట: 'జెంటూ'

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు
• 'జెంటూ' అనే పాత ఇంగ్లీషు మాటకు అర్థం చెప్పగలుగుతారు.
• అది ఎలా పుట్టిందో, దాని అర్థం ఎలా మారిందో వివరించగలుగుతారు.

1. ముందుగా ఆలోచించండి

మీరు బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోనో, ఆ జిల్లాలోని తఖత్‌పూర్‌లోనో ఉంటున్నారనుకోండి. ఇంట్లో తెలుగు, బజారులో హిందీ మాట్లాడతారు. పక్కింటివారు మిమ్మల్ని 'మద్రాసీ' అంటారు. మీరు మద్రాసు చూసి కూడా ఉండరు! ఇది ఇతరులు మనకు పెట్టిన పేరు. ఇంగ్లీషువారు కూడా ఒకప్పుడు మనకు ఇలాగే ఒక పేరు పెట్టారు. అదే 'జెంటూ'.

2. మాట పుట్టుక

లాటిన్ భాషలో 'గెన్స్' అంటే వంశం, జాతి. దాని నుంచి వచ్చిన ఒక మాటను క్రైస్తవులు 'అన్యమతస్థుడు' అనే అర్థంలో వాడారు. పోర్చుగీసులో అది 'జెంతియు' అయింది. 1498లో మన దేశానికి వచ్చిన పోర్చుగీసువారు ఇక్కడి ముస్లింలను 'మూర్'లనీ, హిందువులను 'జెంతియు'లనీ పిలిచారు. తరువాత వచ్చిన ఇంగ్లీషువారి నోట అది 'జెంటూ'గా మారింది.

ఒక విశేషం గమనించండి. మనం వాడే 'జనం', 'జన్మ' మాటలూ, లాటిన్ 'గెన్స్' ఒకే ప్రాచీన ధాతువు నుంచి పుట్టినవే. పరాయిదిగా కనిపించే ఈ మాట మనకు దూరపు చుట్టమే!

3. అర్థం మారిన తీరు

1776లో హాల్‌హెడ్ ప్రచురించిన 'జెంటూ' ధర్మశాస్త్ర గ్రంథంలో ఈ మాటకు అర్థం 'హిందువులు'. మద్రాసు ప్రాంతంలో మాత్రం తెలుగువారినీ, తెలుగు భాషనూ 'జెంటూ' అన్నారు. అంటే మతాన్ని బట్టి పెట్టిన పేరు అక్కడ భాషకు పేరయింది.

1816లో ఎ.డి. క్యాంప్‌బెల్ మద్రాసులో తెలుగు వ్యాకరణం అచ్చు వేయించాడు. దాని పేరులో 'తెలుగు' అని రాసి, వాడుకలో దీన్నే జెంటూ అంటారని చేర్చాడు. సి.పి. బ్రౌన్ 1840లో వ్యాకరణాన్నీ, 1852లో నిఘంటువునూ 'తెలుగు' పేరుతోనే వెలువరించాడు. క్రమంగా జెంటూ మరుగున పడింది. మన భాషకు మనం పెట్టుకున్న పేరే నిలిచింది.

ఎవరైనా మిమ్మల్ని 'మద్రాసీ' అంటే కోపం తెచ్చుకోకండి. "మాది తెలుగు" అని చెప్పండి. పేరు సరిదిద్దడం అలాగే మొదలవుతుంది.

మీ ప్రగతిని తెలుసుకోండి

1. 'జెంటూ' ఏ భాషా పదం నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది?
2. 1776 నాటి గ్రంథంలో, మద్రాసు వాడుకలో ఈ మాటకున్న అర్థాలేమిటి?
3. ఇతరులు మీకు పెట్టిన పేరు ఒకటి చెప్పి, దాని గురించి ఐదు వాక్యాలు రాయండి.

జవాబులు

1. పోర్చుగీసు.
2. హిందువులు, తెలుగువారు, తెలుగు భాష.
3. సొంతంగా రాయండి.