పిల్లల మనసుకు తూకం ఎలా?

అంగన్‌వాడీలో బిడ్డను తూకం వేస్తారు. కార్డు మీద గీత గీస్తారు. బరువు తగ్గితే తల్లికి వెంటనే తెలిసిపోతుంది. మరి బడికి పోయే పిల్ల లోలోపల దిగులు పడుతుంటే ఎలా తెలుస్తుంది? మనసును తూచే తూనికరాళ్ళు లేవు.

అడిగే తెలుసుకోవాలి. పిల్లను అడగాలి, తల్లిని అడగాలి, పంతులమ్మను అడగాలి. ఇందుకోసం చాలా దేశాల్లో ఒక ప్రశ్నల కాగితం వాడతారు. ఇంగ్లండులో రాబర్ట్ గుడ్‌మన్ అనే డాక్టరు 1997లో దాన్ని తయారుచేశాడు. అందులో 25 సంగతులుంటాయి. బిడ్డ ఊరికే కడుపునొప్పి అంటోందా? భయపడుతోందా? స్నేహితులున్నారా? ఎవరికైనా దెబ్బ తగిలితే దగ్గరికి పోయి సాయం చేస్తుందా? 'కాదు', 'కొంచెం', 'అవును' అని జవాబు చెప్పాలి. జవాబులకు మార్కులు వేస్తారు.

ఆస్ట్రేలియాలో ఇలాగే చూశారు. ఆ దేశంలో ఆదివాసులు 50 వేల ఏళ్ళకు పైగా ఉంటున్నారు. తెల్లవాళ్ళు 1788లో వచ్చి స్థిరపడ్డారు. అక్కడి పడమటి ఆస్ట్రేలియా రాష్ట్రంలో 2000 నుంచి 2002 వరకు ఒక సర్వే జరిగింది. సుమారు 5,300 మంది ఆదివాసీ పిల్లల గురించి ఇంటింటికీ పోయి అడిగారు. ఇంగ్లండులో రాసిన మాటలు ఆదివాసీ తల్లులకు సరిపడవు. అందుకని ఆ మాటలు మార్చారు. ఆదివాసుల కమిటీ దగ్గరుండి పని నడిపించింది. అడగడంలోనే తప్పుంటే లెక్క కూడా తప్పే కదా!

నూటికి 24 మంది ఆదివాసీ పిల్లలకు మనసు బాగా దెబ్బతినే ప్రమాదం ఉందని తేలింది. మిగతా పిల్లల్లో అయితే నూటికి 15 మందికే.

ఈ అంకెలు చూసి 'ఆ తల్లులకు పిల్లల్ని పెంచడం రాదు' అనేవాళ్ళు ఉంటారు. లెక్క పూర్తిగా చదివితే వేరే సంగతి తెలుస్తుంది.

సుమారు 1910 నుంచి 1970 దాకా అక్కడి ప్రభుత్వాలే ఆదివాసీ పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి లాక్కుపోయాయి. హాస్టళ్ళలో, తెల్లవాళ్ళ ఇళ్ళలో పెంచాయి. ఆ పిల్లలే పెద్దయి తల్లులయ్యారు. అలా విడదీసినవాళ్ళు పెంచుతున్న పిల్లలకు ఈ ప్రమాదం రెండింతలకు పైనే ఉంది. తల్లికి తగిలిన దెబ్బ బిడ్డ దాకా వచ్చిందన్నమాట. 2008లో ఆ దేశ ప్రధానమంత్రి కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు.

కష్టాలకూ లెక్క వేశారు. నూటికి 22 మంది పిల్లల ఇళ్ళలో ఒక్క ఏడాదిలోనే ఏడు పెద్ద కష్టాలు, అంతకన్నా ఎక్కువ కూడా వచ్చాయి. చావులు, జబ్బులు, పని పోవడం, ఇంటి మనిషి జైలుకు పోవడం లాంటివి.

ఇంకో వింత కూడా బయటపడింది. పెర్త్ పట్నంలో ఉన్న ఆదివాసీ పిల్లలకన్నా ఎక్కడో మారుమూల ఉన్న పిల్లల మనసే నిబ్బరంగా ఉంది! మారుమూలల్లో ఆసుపత్రులు దూరం, అంగళ్ళు దూరం. కానీ అమ్మమ్మల భాష, పాత ఆచారాలు అక్కడ ఇంకా నిలిచి ఉన్నాయి. పిల్లలకు అవే అండ అయి ఉండొచ్చని సర్వే చేసినవాళ్ళు రాశారు.