ఒక లోపానికి ఒక పనిముట్టు

ఆడలేనమ్మ మద్దెల ఓడు అందని సామెత. సరే, మద్దెల నిజంగానే ఓడైతే? ఆట మానేయాలా? కొత్తది కొనేదాకా చేతులు కట్టుకు కూర్చోవాలా? ఇంటి వెనక రేకుల షెడ్డులో పాత లేత్ పెట్టుకుని పనిచేసేవాళ్లకు ఈ ప్రశ్న రోజూ ఎదురవుతుంది. వాళ్లు ఆ లేత్ లోపాన్ని సరిచేసే సామాను ఆ లేత్ మీదే తయారుచేసుకుంటారు. ఈ పద్ధతి చదువుకీ ఉద్యోగానికీ కూడా పనికొస్తుందని గట్టిగా నమ్ముతాను. ఎందుకో చెబుతాను.

నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న లేత్. మొదటి ఏడాదంతా పార్టింగ్ అంటేనే గుండె దడ. తిరుగుతున్న రాడ్డులోంచి ముక్క కోసి వేరుచేయడానికి సన్నటి పార్టింగ్ టూల్‌ని మెల్లగా లోపలికి దించుతాం. సగం దాకా బాగానే వెళ్తుంది. ఆ తర్వాత కీచుమంటూ జాబ్, అంటే ఆ రాడ్డు, వణకడం మొదలవుతుంది. చూస్తుండగానే టూల్ లోపలికి గుంజుకుపోయి టప్పున విరుగుతుంది. అలా నాలుగు బ్లేడ్లు పోయాక, బేరింగులు అరిగిపోయాయని తేల్చేసుకున్నాను. మిషన్ అమ్మేయడానికి బేరం కూడా పెట్టాను.

టూల్‌రూముల్లో నలభై ఏళ్లు పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు మా వీధిలోనే ఉంటారు. ఆయన్ని పిలిచాను.

"డయల్ పెట్టి చూశావా?" అన్నారు.

"లేదు బాబాయ్. చప్పుడు వింటేనే తెలుస్తోందిగా, బేరింగులే."

"ముందు డయల్ పెట్టు. అమ్మడం తర్వాత."

చక్‌లో లావుపాటి రాడ్డు బిగించి, దాని మీద డయల్ గేజ్ ఆనించి, కింద నుంచి కర్రతో ఎత్తి చూశాం. ముల్లు రెండు గీతలు కదిలింది, అంటే 0.02 మిల్లీమీటర్లు. తర్వాత డయల్‌ని టూల్ పోస్ట్ మీదకి మార్చి ఎత్తితే పదిహేను గీతలు! టూల్ పోస్ట్ కింద ఉండే టాప్ స్లైడ్‌ని బిగువుగా ఉంచే పట్టీ, అంటే గిబ్, వదులైపోయి టూల్ మొత్తం ఊగుతోంది. బేరింగుల పాపం ఏమీ లేదు. గిబ్ స్క్రూలు సరిచేయడానికి పట్టింది ఇరవై నిమిషాలు.

ఆ రోజు నుంచి "మిషన్ బాగోలేదు" అనే మాట నోట రానివ్వను. ఏ భాగం, ఏ దిక్కుకి, ఎంత కదులుతోంది? ఈ మూడూ కాగితం మీద రాశాకే మిగతా సంగతి. మీ విషయంలోనూ ఇలాగే చేసి చూడండి. "నాకు ఇంటర్వ్యూలు రావు" అనే కుర్రాడికి ఎవరు మాత్రం ఏం సాయం చేస్తారు? "మొదటి ప్రశ్న దగ్గర తడబడతాను, తర్వాత బాగానే చెబుతాను" అన్నవాడికి ఏం చేయాలో వెంటనే తోస్తుంది. ఆ మొదటి రెండు నిమిషాల్ని అద్దం ముందు పదిసార్లు చెప్పుకుంటే చాలు.

గిబ్ బిగించాక పార్టింగ్ మెరుగైంది గానీ భయం పూర్తిగా పోలేదు. దానికి మందు ఇంగ్లండ్ వాళ్ల దగ్గర దొరికింది. ఇళ్లలో చిన్న లేత్‌లు పెట్టుకుని ఆవిరి ఇంజిన్ల నమూనాలు చేసుకునే సంప్రదాయం అక్కడ పాతది. వాళ్ల కోసం 'మోడల్ ఇంజినీర్' అనే పత్రిక 1898లోనే మొదలైంది. నాటింగ్‌హామ్ పక్కన బీస్టన్‌లో తయారైన మైఫోర్డ్ లేత్ ఆ షెడ్లలో ఇంటి మనిషిలాంటిది. ఆ పత్రికలో రాసిన జార్జ్ థామస్ తన మైఫోర్డ్ కోసం వెనక టూల్ పోస్ట్‌ని ఎంత శ్రద్ధగా రూపొందించాడంటే, ఇళ్లలో పనిచేసేవాళ్లు ఇప్పటికీ ఆ నమూనాను ఆయన పేరుతోనే చెప్పుకుంటారు.

అందులోని కిటుకు చూడండి. మామూలుగా టూల్ మన వైపు ఉంటుంది. బరువు పడగానే దాని కొన కిందికి వంగి కాస్త లోపలికి జరుగుతుంది. జరిగేసరికి మందంగా కోస్తుంది, దాంతో ఇంకా వంగుతుంది. విరిగేదాకా ఇదే వరస. వెనక టూల్ పోస్ట్‌లో టూల్‌ని తలకిందులు చేసి, జాబ్‌కి అవతలి వైపున, నేరుగా క్రాస్ స్లైడ్ మీద బిగిస్తాం. మధ్యలో టాప్ స్లైడ్ లేదు కాబట్టి ఊగే చోటు ఒకటి తగ్గింది. ఇక్కడ బలం టూల్‌ని పైకి నెడుతుంది, ఏమాత్రం వదులున్నా కొన జాబ్ నుంచి దూరంగానే జరుగుతుంది. స్పిండిల్ కిందికి, బేరింగులోకి ఒత్తుకుని కుదురుగా కూర్చుంటుంది. పొట్టు కిందికి రాలిపోతుంది. పోత ఇనుము దిమ్మ తెచ్చి రెండు ఆదివారాలు కూర్చుని నేనూ ఒకటి చేసుకున్నాను. ఆ తర్వాత పార్టింగ్‌కి మళ్లీ భయపడింది లేదు. బలం ఎటు నుంచి వస్తోందో గమనించి టూల్ నిలబడే చోటు మార్చడం ఎంత పెద్ద తెలివో, చేత్తో చేశాకే నాకు అర్థమైంది.

అయితే మొదటి పనిగా దీన్ని ఎత్తుకోవద్దు. కొత్తవాళ్లకి టెయిల్ స్టాక్ డై హోల్డర్ మంచిది. రాడ్డుకి మర చుట్టేటప్పుడు, మర కోసే డైని చేత్తో పట్టుకుంటే ఏదో ఒక పక్కకి ఒరుగుతుంది, మర వంకర పోతుంది. చక్‌కి ఎదురుగా ఉండే టెయిల్ స్టాక్‌లో ఒక కడ్డీ బిగించి, దాని మీద ముందుకూ వెనక్కూ జరిగే గొట్టంలాంటి హోల్డర్‌లో డైని కూర్చోబెడితే మర నిటారుగా వస్తుంది. మోటారు ఆపి చక్‌ని చేత్తోనే తిప్పండి. ఈ హోల్డర్ తయారుచేస్తుంటే బయట చెక్కడం, లోపల బోరింగ్, రెండు ముక్కలు బిగుతూ వదులూ కాకుండా జారేలా కొలత పట్టడం, అన్నీ అలవాటవుతాయి. పూర్తయిన రోజు నుంచి వాడుకలోకి వస్తుంది. మొదలుపెట్టిన పని చేతికి ఉపయోగపడటం చూస్తే మనిషికి వచ్చే ధైర్యం వేరు.

ఇంకో చిన్న సంగతి. టూల్ కొన సరిగ్గా సెంటర్ ఎత్తులో ఉందా లేదా అని చూడటానికి ఏమీ కొనక్కర్లేదు. మిషన్ ఆపి, గుండ్రటి రాడ్డుకీ టూల్ కొనకీ మధ్య ఉక్కు స్కేలుని మెల్లగా నొక్కి పట్టండి. నిటారుగా నిలబడితే ఎత్తు సరిపోయినట్టు. పైభాగం మన వైపు వాలితే టూల్ కిందికున్నట్టు, అవతలికి వాలితే పైకున్నట్టు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని గురించి. గేర్ పళ్లు కోయాలంటే జాబ్‌ని సమాన భాగాలుగా తిప్పే డివైడింగ్ హెడ్ ఉండాలి. దానికి ఇండెక్స్ ప్లేటు, అంటే చుట్టూ సమాన దూరంలో రంధ్రాలున్న బిళ్ల కావాలి. ఆ రంధ్రాలు సమానంగా పడాలంటే మళ్లీ డివైడింగ్ హెడ్డే కావాలి! పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టుంటుంది వ్యవహారం. దీన్ని విప్పిన తీరు చూడండి. హెడ్‌లో వార్మ్ గేర్ ఉంటుంది. 60 పళ్లదైతే, హ్యాండిల్ 60 చుట్లు తిప్పితే జాబ్ ఒక్క చుట్టు తిరుగుతుంది. కాబట్టి ప్లేటులో రంధ్రం ఒక డిగ్రీ పక్కన పడినా, జాబ్ దగ్గరికి వచ్చేసరికి ఆ తప్పు డిగ్రీలో 60వ వంతే. 100 మి.మీ. వ్యాసమున్న చక్రం అంచున ఒక డిగ్రీ అంటే సుమారు 0.87 మి.మీ., కంటికి కనిపించే తప్పు. అందులో 60వ వంతంటే 0.015 మి.మీ. కూడా లేదు.

అందుకని మొదటి ప్లేటుని కాగితం పట్టీ మీద సమాన భాగాలు గీసి, దాన్ని బిళ్ల చుట్టూ అంటించి, గుర్తుల ప్రకారం రంధ్రాలు వేసి చేసుకుంటారు. ఎంత జాగ్రత్తపడినా అది కొంచెం తప్పుగానే వస్తుంది. దాన్ని హెడ్‌కి తగిలించి రెండో ప్లేటు చేస్తారు. రెండోదాంట్లో పాత తప్పు 60వ వంతుకి పడిపోతుంది. మిగిలేది దాదాపు వార్మ్ సొంత దోషమే. మొదటి ప్లేటు పని అక్కడితో అయిపోయింది. మొదటి ప్రయత్నమే లోపం లేకుండా రావాలని ఏళ్ల తరబడి మొదలే పెట్టని వాళ్లని చాలామందిని చూశాను. వాళ్లకి ఈ రెండు ప్లేట్లూ పక్కపక్కన పెట్టి చూపించాలనిపిస్తుంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. సామాను చేసుకోవడంలో పడితే అసలు పని మరిచిపోయే ప్రమాదముంది. ప్రొఫెసర్ చాడక్ రూపొందించిన 'క్వోర్న్' అనే టూల్ గ్రైండింగ్ మిషన్ అద్భుతమైనది, ఇంట్లో దాన్ని పూర్తిచేసినవాళ్లంటే నాకు ఎంతో గౌరవం. కానీ అందులో భాగాలు బోలెడు, నెలల తరబడి పని. ఒకే ఇబ్బంది మూడుసార్లు ఎదురైతేనే దానికి సామాను చేయడం నా పద్ధతి. ఒకటి పూర్తయ్యేదాకా రెండోదానికి ఇనుము కొనను.

నా దగ్గర ఆ లేత్ కూడా లేదు కదా అంటారా? అమెరికాలో డేవిడ్ జింజరీ అనే ఆయన 1980ల్లో వరసగా ఏడు పుస్తకాలు రాశాడు. బొగ్గుల కొలిమిలో పాత అల్యూమినియం కరిగించి పోతపోసుకోవడం మొదటి పుస్తకం. రెండోదాంట్లో ఆ పోతలతో లేత్. తర్వాత షేపర్, మిల్లింగ్ మిషన్, డివైడింగ్ హెడ్. సగం తయారైన మిషన్‌నే వాడి దాని మిగతా భాగాలు చేసుకోవడం ఆయన పద్ధతి.

ఐటీఐలో టర్నర్ ట్రేడ్ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, బాలానగర్‌లోనో ఆటోనగర్‌లోనో లేత్ ముందు నిలబడే అన్నలూ, ఈ ఆదివారం మీ మిషన్ మీద డయల్ పెట్టి ఒక్క లోపాన్ని అంకెతో సహా రాసుకోండి. వచ్చే ఆదివారం దానికి ఒక సామాను మొదలుపెట్టండి. చేతులకి గ్లౌజులు వద్దు, కళ్లద్దాలు తప్పనిసరి. స్విచ్ వేసే ముందు చక్ కీ తీశారో లేదో ఒకసారి చూసుకోండి.