పెంకుల కార్ఖానాలు నేర్పు పాఠము

పఠనీయ భాగములు: లూకా 14:28–30, అపొస్తలుల కార్యములు 18:1–4

మన చిత్తూరు జిల్లాలో మిద్దెలు ఎంత పెరిగినను, పాత యిండ్లమీదను బడులమీదను ఎఱ్ఱని మంగళూరు పెంకులు నేటికిని కనబడుచున్నవి. అట్టి పెంకును తిరగవేసి చూచినయెడల, దానిని చేసిన కార్ఖానా పేరు అచ్చువేయబడి యుండును. ఆ పెంకులను మన దేశమున విరివిగా చేసి అమ్మిన తొలివారు బాసెల్ మిషనువారు. వారి కార్ఖానాలు ఎట్లు పెరిగెనో, ఎట్లు చేజారెనో ఈ నెల ఆలోచింతము.

1. పని ఎందుకు మొదలాయెను?

స్విట్జర్లాండులోని బాసెల్ పట్టణమునుండి మిషనరీలు 1834లో మంగళూరు చేరిరి. బాప్తిస్మము పొందినవారికి త్వరలోనే కష్టము వచ్చెను. కులవృత్తి పోయెను, కౌలు భూమి పోయెను, బంధువులు గడప తొక్కనీయలేదు. అట్టివారికి ప్రార్థన నేర్పి, ఆకలితో పంపివేయుట తగునా? అందుచేత మిషనువారు నేత మొదలగు పనులు పెట్టిరి. 1865లో జార్జి ప్లెబ్‌స్ట్ అను జర్మను మిషనరీ మంగళూరు చెంత జెప్పులో పెంకుల కార్ఖానా నెలకొల్పెను.

2. ఎట్లు వృద్ధిపొందెను?

నేత్రావతి తీరమున మంచి బంకమన్ను కలదు. దానిని మెత్తగా పిసికి, పలకలుగా చేసి, అచ్చులో నొక్కి, ఆరబెట్టి, బట్టీలో కాల్చెడివారు. పెంకు అంచున గాడి యుండుటచే ఒకటి మరియొకదానిని పట్టుకొనును. ఇది తాటాకువలె నిప్పంటుకొనదు. నాటు పెంకుల కప్పుకంటె బరువు తక్కువ. గిరాకి పెరిగెను. 1905లో ఫెరోకు కార్ఖానా తెరచునప్పటికి జెప్పు, కుద్రోళి, మాల్పే, కోళిక్కోడు, కోడకల్, పాలక్కాడులతో కలిపి మొత్తము ఏడు కార్ఖానాలాయెను. పెంకులు ఓడలమీద ఆఫ్రికా తీరమువరకు పోయెను. వేర్వేరు కులములవారు ఒక్క కప్పుక్రింద పనిచేసి కూలి పొందిరి. ఇది చిన్న మేలు కాదు.

3. ఎట్లు చేజారెను?

అయితే అన్నము పెట్టు చేయియు, ఉపదేశించు చేయియు, మందలించు చేయియు ఒక్కటే యాయెను. ఇది మంచిదేనా అని మిషనులోనే వాదములు జరిగెను. మట్టి పిసికినవారు ఇక్కడ, ఆస్తి హక్కు బాసెల్‌లో. 1914లో బ్రిటిషువారికిని జర్మనులకును యుద్ధము రాగా, మిషనులోని జర్మనులు నిర్బంధింపబడిరి, స్వదేశమునకు పంపబడిరి. కార్ఖానాలను ప్రభుత్వము వశపరచుకొనెను. 1919లో అవి లండనులో ఏర్పడిన కామన్వెల్తు ట్రస్టు చేతికి పోయెను. ఏండ్ల తరబడి అందు చెమటోడ్చినవారిని అడిగినవారు లేరు. తరువాత ఇతరుల కార్ఖానాల పోటీ, ఆపైన సిమెంటు మిద్దెలు, మన్ను కొరత పెంకుల వ్యాపారమును క్రుంగదీసెను. కోళిక్కోడులో ఆ ట్రస్టువారి నేత కార్ఖానా సైతము 2009లో మూతబడెను.

4. తిరుపతి ప్రాంతమున ఏమి జరిగెను?

అదే యుద్ధము మన తిరుపతి, శ్రీకాళహస్తి ప్రాంతములను కూడ తాకెను. ఇక్కడ పనిచేయుచుండిన హెర్మన్స్‌బర్గు మిషనువారును జర్మనులే. వారును విడిచిపోవలసి వచ్చెను. ఆ పనిని అమెరికాలోని ఓహైయో లూథరను సినడువారు చేపట్టిరి. చేతులు మారినను సంఘములు నిలిచెను. 1945లో దక్షిణాంధ్ర లూథరను సంఘము ఏర్పడెను. కార్ఖానాను ఒక ఉత్తరువుతో మరియొకరికి వ్రాసి యీయవచ్చును. తమదని ఎంచి కూడుకొను జనులను అట్లు వ్రాసి యీయలేరు.

5. మనమేమి నేర్చుకొందుము?

గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పెను. ఆ లెక్కలో ఇటుక, సున్నము, కూలి మాత్రమే చేర్చిన చాలదు. కట్టినవాడు లేని దినమున దీనిని ఎవరు నిలుపుదురు? ఆ లెక్కయు చూడవలెను. పౌలు డేరాలు కుట్టువాడు. ఆ పని అతని చేతిలోనే యుండెను గనుక, ఏ పట్టణమునకు పోయినను వెంట వచ్చెను. కాబట్టి బీదవానికి కూలితోపాటు పనితనమును, లెక్క వ్రాయు నేర్పును, ఆస్తిలో పాలును ఇచ్చినప్పుడే మన సహాయము పూర్తియగును. బాసెల్ మిషనువారి ప్రేమలో లోపము వెదకవద్దు. వారు ఆకలి చూచి ఊరకుండలేదు. వారు ఆపినచోట మనము ఒక అడుగు ముందుకు వేయుదము.

ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. మన సంఘపు బడి, వసతి గృహము, కుట్టుపని కేంద్రము ఎవరి పేర నున్నవి? లెక్కలు ఎందరికి తెలియును?
2. సహాయము చేయు చేయి రేపు ఆగిన, ఏది నిలుచును? ఏది మూతబడును?
3. ఈ సంవత్సరము ఒక్క యువకునికైనను, ఒక్క విధవరాలికైనను చేతిపని నేర్పి, పనిముట్లు వారి సొంతము చేయగలమా?