కృష్ణా గోదావరుల నడిమి పల్లము

నదికి దగ్గఱి నేల పల్లమనియు, దూరపు నేల మెరక యనియు పలువురు తలంతురు. డెల్టాలో స్థితి తఱచు దీనికి విరుద్ధము. వఱదనీరు ఒడ్డు దాటి పొర్లగానే వేగము తగ్గి, బరువైన యిసుకను, ముతక ఒండ్రును అచ్చటనే విడిచి, సన్నని బంకమట్టిని దూరమునకు గొనిపోవును. ఇట్లు వేలయేండ్లలో నది తన యొడ్డును దానే యెత్తు చేసికొనును.

గోదావరి ధవళేశ్వరము దిగువనే గౌతమి, వసిష్ఠ యను పాయలుగా చీలి, నడుమ లంకలను బెంచినది. కృష్ణ విజయవాడ దాటి చాలదూర మొక్కపాయగా సాగి, పులిగడ్డ యొద్ద చీలును. ఈ రెండు నదులు పెంచిన నేలల నడుమ మిగిలిన పల్లమే కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు దానిలో గలియును. అచ్చటినుండి సముద్రమునకు ఉప్పుటేరే దారి.

ధవళేశ్వరమున 1852లోను, విజయవాడయొద్ద 1855లోను ఆనకట్టలు పూర్తియైనవి. నాటినుండి పంటకాలువలు మెరక వెంబడి వచ్చుచున్నవి. మురుగు మాత్రము పల్లమునకే పోవలెను. 2024లో బుడమేటికి గండ్లుపడి విజయవాడలో పెక్కు పేటలు మునిగినవి. దారి యిఱుకైన నీరు ఊరిమీద బడును. మురుగుకాలువలో గుఱ్ఱపుడెక్క పెరుగనిచ్చినను, దాని గట్టును పొలములో గలుపుకొన్నను, మునుగునది ఎగువ రైతు చేను. కావున సభ్యులు నాట్లకు ముందే కూడి మురుగుకాలువలను బాగుచేసికొనవలెనని మా మనవి.