నిశ్చితార్థపు కేశాలంకరణ – జుట్టుకు కలుగు హాని, దాని నివారణ

ఒక తరము క్రిందటి వరకు మా గుడుపల్లె, కుప్పం పల్లెలలో నిశ్చితార్థమనగా తాంబూలములు మార్చుకొనుట మాత్రమే. పిల్ల ఉదయమున తలంటు పోసికొని, ఒంటి జడ అల్లుకొని, కనకాంబరములు, మల్లెలు, మరువము కలిపి కట్టిన మూర తురుముకొని పెద్దల ముందు కూర్చుండెడిది. ఫోటోలు రెండో మూడో తీసెడివారు. ఇప్పుడు నిశ్చితార్థమునకు ముఖ్యుడు పురోహితుడా, ఫోటోగ్రాఫరా అన్న సందేహము నాబోటి ముసలివారికి కలుగుచుండును. ఇందు తప్పుపట్టవలసినదేమియు లేదు. తన జీవితమున ఒక ముఖ్యమైన దినము అందముగా నిలిచిపోవలెనని ఆడపిల్ల కోరుట సహజము. పుష్పధారణమును, అలంకారమును చరకాచార్యులు దినచర్యలోనే చేర్చినారు. వైద్యునిగా నా చింత వేరొకటి. నిశ్చితార్థపు ఫోటోలకే జుట్టు ఖర్చయిపోయి, రెండు మూడు మాసముల తరువాత వచ్చు పెండ్లినాటికి జడ అల్లుటకు కూడ మిగులని పిల్లలు నా వద్దకు వచ్చుచున్నారు.

నేడు పిల్లలు కోరు అలంకారములలో మొదటిది, జుట్టు నంతయు వదలి చివరలు ఉంగరములుగా చుట్టించుకొనుట. రెండవది, ముందరి జుట్టును దువ్వెనతో వెనుకకు ఎదురు దువ్వి ఎత్తుగా నిలిపి, సగము పిన్నులతో బిగించి, మిగిలిన సగము వీపుపై వదలుట. మూడవది, మెడ మీద వదులైన కొప్పు పెట్టి దాని చుట్టు చిన్న తెల్లపూలు గ్రుచ్చుట. ఇక మన పూలజడ కూడ తిరిగి వచ్చినది. అయితే ఇంటి ఆడవారు కూర్చుండి దారముతో కుట్టిన మొగ్గలజడ కాదిది. అట్టపైనో, వలపైనో జిగురుతో పూలు అతికించి సిద్ధముగా అమ్మునది. ఒకే దినమున రెండు మూడు అలంకారములు మార్చువారు కూడ ఉన్నారు. అనగా ఒకే జుట్టు ఉదయము నిటారుగా ఇస్త్రీ చేయబడి, సాయంకాలమునకు ఉంగరములు తిరుగవలెను!

ఈ హాని ఎట్లు కలుగునో తెలియుటకు వెంట్రుక స్వభావము కొంత తెలిసికొనవలెను. ఆహారము ఏడు ధాతువులుగా పరిణమించు క్రమమున, అస్థిధాతువు ఏర్పడునప్పుడు మలరూపముగా వెలువడునవే కేశములు, రోమములు అని చరకము చెప్పినది. మలము అన్న మాటకు రోత పడనక్కరలేదు. పోషణ పొంది బయటికి వచ్చివేసిన భాగమని భావము. ఆధునికులు కూడ చర్మముపై కనిపించు వెంట్రుక నిర్జీవమైన కెరటిన్ అనియు, ప్రాణమంతయు చర్మములోని కుదురునందే కలదనియు చెప్పుచున్నారు. కావున గాయపడిన చర్మము మానును గాని, కాలిన వెంట్రుక మానదు. ఏ నూనెయు, ఏ షాంపూవు దానిని తిరిగి అతుకజాలదు. క్రొత్త వెంట్రుక పెరుగవలసినదే. అది మాసమునకు సుమారు 1 సెంటీమీటరు మాత్రమే పెరుగును. నడుము దాటిన జడ తిరిగి రావలెనన్న ఎన్ని ఏండ్లు పట్టునో మీరే లెక్కించుకొనవచ్చును.

హానులలో మొదటిది వేడిమి. స్నానమునకు వేడినీరు క్రింది శరీరమునకు బలమిచ్చుననియు, అదే నీరు తలపై పోసికొనిన కేశములకు, కన్నులకు బలము తగ్గుననియు వాగ్భటాచార్యులు అష్టాంగహృదయమున హెచ్చరించినారు. స్నానపు నీటికే ఇంత జాగ్రత్త చెప్పిన శాస్త్రము, 180 నుండి 230 డిగ్రీల వరకు కాగు ఇస్త్రీ కడ్డీలను చూచిన ఏమనునో! జుట్టు తడిగా నుండగా ఈ కడ్డీని పెట్టిన లోపలి నీరు ఆవిరియై వెంట్రుకలో బుడగలు లేచును. అక్కడనే అది పుటుక్కున తెగును. నూనె జుట్టుపై పెట్టుట కూడ తగదు. తప్పనిసరియైనచో పూర్తిగా ఆరిన, నూనె లేని జుట్టుపై, తక్కువ వేడితో, కుదుళ్ళకు నాలుగు వ్రేళ్ళ దూరము విడిచి, ఒక పాయకు ఒక్కసారి మాత్రమే పెట్టించుకొనవలెను. సహజముగా ఉంగరములు కావలెనన్న ముందునాటి రాత్రి కొద్దిపాటి తడి జుట్టును సన్నని జడలుగా అల్లి ఉదయమున విప్పిన చాలును. ఏ కడ్డీయు అక్కరలేదు.

రెండవది రసాయనములు. జుట్టును శాశ్వతముగా నిటారు చేయు మందులు వెంట్రుకలోని గంధకపు బంధములను తెంపి, మరల వేరొక రూపమున కలుపును. కాలము మించినను, మందు చర్మమునకు తగిలినను మాడు పొక్కును. నునుపు చేయు కొన్ని ద్రవములు వేడి తగిలినప్పుడు ఫార్మాల్డిహైడ్ వాయువును వెలువరించును. దీనిని 2004లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుష్యులకు క్యాన్సర్ కలిగించు పదార్థముగా నిర్ణయించినది. దీనికి బదులుగా వచ్చిన గ్లయాక్సిలిక్ ఆమ్లము కూడ నిరపాయకరము కాదు. జుట్టు నిటారు చేయించుకొనిన ప్రతిసారియు మూత్రపిండములు దెబ్బతిన్న ఒక యువతి వృత్తాంతమును 2024లో ఫ్రెంచి వైద్యులు ప్రకటించినారు. మూడు పర్యాయములు చేయించుకొనగా మూడు పర్యాయములును అట్లే జరిగినది. సీసాపై "కెరటిన్" అని అందముగా వ్రాసియున్నంత మాత్రమున అది జుట్టుకు ఆహారమని భ్రమపడరాదు.

నిరుడు గుడుపల్లె సమీప గ్రామమునుండి ఒక తల్లి తన కుమార్తెను తోడ్కొని వచ్చినది. నిశ్చితార్థమునకు ఇంకను 24 దినములు కలవు. ఒక పట్టణమున జుట్టు నిటారు చేయించినారు. వారము తిరుగకముందే చెవుల వెనుక పొక్కులు లేచి, జుట్టు చెవుల ఎత్తున తునిగి చేతికి వచ్చినది. "సామీ, పటాలు తీసే దినానికి బిడ్డ తల ఎట్లయినా సరిచేసి పెట్టండి" అని తల్లి ఏడ్చినది. పిల్ల తలపై కొంగు దించనే లేదు. అబ్బాయి తరపువారు చూచిన జుట్టు వేరు, ఇప్పుడున్నది వేరు, సంబంధము తప్పిపోవునేమో అన్న భయము ఆ ఇంటిలో ఎవరును పైకి అనలేదు గాని అందరి ముఖములయందును కానవచ్చినది. "అమ్మా, కుదుళ్ళు చెడలేదు, జుట్టు వచ్చును. 24 దినములలో మాత్రము రాదు" అని చెప్పితిని. ముందుగా కుప్పంలో చర్మవైద్యునికి చూపించి పుండ్లలో చీము లేదని నిశ్చయించుకొన్న పిమ్మట, పొక్కులపై శతధౌతఘృతము, అనగా నూరుసార్లు చన్నీటితో కడిగిన ఆవునెయ్యి, పలుచగా పూయించితిని. తలకు దువ్వెన మాన్పించి, కాలిన చివరలు కత్తిరింపజేసితిని. కత్తిరించుటకు తల్లి ఒప్పుకొనుటకే ఒక పూట పట్టినది. నిశ్చితార్థము నాడు భుజములు తాకీ తాకని ఆ జుట్టును మెడపై వదులుగా ముడిచి, చుట్టును కనకాంబరముల దండ చుట్టినారు. ఆ ఫోటో నేను చూచినాను. ముడి చిన్నదని ఎవరికిని తోచదు. సంబంధమునకు ఏ ఆటంకమును రాలేదు.

మూడవ హాని లాగుడు. ఈ విషయమున క్రొత్త అలంకారములనే నిందించుట న్యాయము కాదు. మన బిగుతు జడ కూడ దోషియే. చిన్ననాటినుండి నుదుటి జుట్టును వెనుకకు బిగించి లాగి అల్లిన స్త్రీలలో నుదుటి అంచున, కణతల వద్ద జుట్టు పలుచబడుట మన ఇండ్లలో అందరును చూచినదే. జుట్టును బిగించి కట్టుకొను గ్రీన్‌లాండ్ స్త్రీలలో ఇట్టి బట్టతలను 1907లోనే ఒక వైద్యుడు వర్ణించినాడు. సుశ్రుతాచార్యులు ఇంద్రలుప్తమును వివరించుచు వాతముతో కూడిన పిత్తము కేశములను రాల్చుననియు, తరువాత రక్తముతో కూడిన కఫము రోమకూపములను మూసివేయుననియు చెప్పినారు. లాగుడు వలన వాతము, వేడిమి వలన పిత్తము ప్రకోపించునని నా గురువుగారు వ్యాఖ్యానించెడివారు. లాగుడు మొదటి దశలోనే మానిన జుట్టు తిరిగి వచ్చును. ఏండ్ల తరబడి సాగిన రోమకూపము మూసికొనిపోవును. అప్పుడు తైలము నిష్ఫలము.

పూలజడ, సవరము, కుప్పెలు, నాగరము, రాగిడి అన్నియు చేరిన బరువు తక్కువేమియు కాదు. దీనిని నెత్తిమీద నాలుగు పిన్నులకు వ్రేలాడదీసిన ఆ నాలుగు పాయలే మోయవలెను. మన పెద్దలు పూలజడను లోపలి జడకు పైనుండి క్రింది వరకు నాలుగైదు చోట్ల దారముతో కుట్టెడివారు. బరువు జడయంతటికి పంచబడెడిది. నేడును అట్లే కుట్టించుకొనవలెను. పూలు వాడకుండుటకై నీరు చల్లి తడిజడను గంటల కొలది మోయుట వలన పీనస, తలనొప్పి తరచుగా కలుగుచున్నవి. పూలను మాత్రము తడిపి, నీరు వడిచిన పిమ్మట కుట్టవలెను.

సవరము గురించి ఒక మాట. తిరుమల కల్యాణకట్టలో భక్తులు సమర్పించిన తలనీలాలను దేవస్థానము వేలము వేయును. మన దేశపు జుట్టు విగ్గులై సముద్రములు దాటుచుండగా, మన పిల్లలు నైలాను సవరములు కొనుచున్నారు. నైలానుకు కడ్డీ వేడి తగిలిన కరగి అసలు జుట్టుకు అంటుకొనును. ఇతరుల సవరమును ఉతకక ధరించిన పేలు తప్పవు.

ఇంతకంటె ముఖ్యమైనదొకటి కలదు. ఫోటోలో సన్నగా కనబడవలెనని పిల్లలు నిశ్చితార్థమునకు ముందు తిండి మానుచున్నారు. ఉపవాసము, తీవ్రజ్వరము, ప్రసవము వంటివి కలిగిన రెండు మూడు మాసములకు జుట్టు గుప్పెళ్ళుగా రాలును. రోజునకు 50 నుండి 100 వెంట్రుకలు రాలుట సహజము, ఇది దానికి అనేక రెట్లుండును. అనగా నిశ్చితార్థమునకై మానిన తిండికి శిక్ష సరిగా పెండ్లినాడు పడును! అప్పుడు నీళ్ళు మారినవని, దిష్టి తగిలినదని అనుకొందురు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో 57 శాతము మందికి రక్తహీనత కలదు. కావున జుట్టు రాలుచున్నదని వచ్చిన పిల్లకు మొదట రక్తపరీక్ష చేయించెదను. మా ప్రాంతపు రాగిసంగటి, ఉలవచారు, మునగాకు పప్పు, నువ్వులుండ, ఉసిరిక పచ్చడి అస్థిధాతువునకును రక్తమునకును మేలైనవి. 100 గ్రాముల రాగులలో సుమారు 340 మిల్లీగ్రాముల సున్నము కలదు. సంగటి మోటతిండి అని సిగ్గుపడి మానుట ఎందులకు?

తైలమును మూడు మాసములు ముందుగా ఆరంభింపవలెను. పొలముగట్ల తేమలో మొలచు గుంటగలగరను మా సరిహద్దు తమిళులు కరిసలాంగణ్ణి అనియు, కన్నడిగులు గరుగ అనియు పిలుతురు. దాని సమూలమును కడిగి దంచి తీసిన రసము 1 లీటరు, నువ్వులనూనె 250 మిల్లీలీటర్లు, ఎండిన ఉసిరిక పెచ్చులు 15 గ్రాములు, అతిమధురము 15 గ్రాములు నీటితో నూరిన ముద్ద, అన్నియు వెడల్పు పాత్రలో చేర్చి సన్నసెగపై కలియబెట్టుచు కాచవలెను. పొంగును గనుక విడిచి వెళ్ళరాదు. ముద్దను వ్రేళ్ళతో నలిపిన వత్తి కావలెను. ఆ వత్తిని నిప్పుపై వేసిన చిటపటమనరాదు. నూనెపై నురుగు లేచును. అప్పుడు దించి వడపోయవలెను. వారమునకు రెండుసార్లు కుదుళ్ళకు మృదువుగా పట్టించి, గంట తరువాత శీకాయతో, గోరువెచ్చని నీటితో కడుగవలెను. జలుబు, దగ్గు ఉన్న దినములలో, తలలో పుండ్లున్నప్పుడు వాడరాదు. ఈ తైలము క్రొత్త కుదుళ్ళు పుట్టించునని నేను చెప్పను. మాడు పొడిబారకుండ, జుట్టు చిక్కుపడి తెగకుండ కాపాడును, చాలును.

నిశ్చితార్థమునకు ముందు వారమున ఏ క్రొత్త రంగును, క్రొత్త నూనెను ప్రయత్నింపరాదు. నల్లరంగులలోని పి.పి.డి. కొందరికి ముఖము వాచి కన్నులు మూతపడునంత దద్దురు కలిగించును. రంగు తప్పనిసరియైనచో చాలముందుగా చెవి వెనుక చుక్కంత రాసి 48 గంటలు చూడవలెను.

ఫోటోలు ముగిసిన రాత్రి జాగ్రత్త మరింత అవసరము. స్ప్రేతో అట్టకట్టిన జుట్టును అలసటలో దువ్వెనతో లాగుటవలననే సగము తెగును. మొదట పిన్నులన్నియు లెక్కించి తీయవలెను. కొబ్బరినూనె దోసిట తీసికొని జుట్టంతయు తడిపి అరగంట ఉంచి, వ్రేళ్ళతో చిక్కు విడదీయవలెను. ఆ పిమ్మట శీకాయతో కడిగి, నీడన ఆరనిచ్చి, వెడల్పు పండ్ల దువ్వెనతో చివరలనుండి పైకి దువ్వవలెను. ఆ వారమంతయు వదులు జడయే మేలు. మాడుపై రూపాయి బిళ్ళంత నున్నని మచ్చలు ఏర్పడినను, కనుబొమలు కూడ రాలినను, కుదుళ్ళ వద్ద చీముపొక్కులు లేచినను ఇంటి వైద్యముతో కాలము గడుపక వెంటనే వైద్యునకు చూపించవలెను.