గునియా చెప్పే గణితము

గణితము పుస్తకములో ఒక విధముగాను, పనివాని చేతిలో మరొక విధముగాను ఉంటుందని మనలో చాలామంది భావిస్తారు. తరగతిలో కోణమును సమద్విఖండనము చేసే విద్యార్థికి ఇంటిలో మేకుకు వ్రేలాడే గునియా కేవలము ఒక పనిముట్టు. ఆ గునియాతో జీవితమంతా పని చేసిన తండ్రికి కుమారుని రేఖాగణితము పరీక్షల కొరకు మాత్రమే ఏర్పడిన విద్య. ఈ ఎడబాటు వలన ఇరువురికీ నష్టమే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల నుండి గల్ఫు దేశములకు వెళ్ళి కట్టడపు పనులలో చేరినవారు ఎందరో ఉన్నారు. అక్కడ కోణమును కొలిచి, లెక్కించి, కోయగలిగినవాడు పనితనము గల మేస్త్రీగా గుర్తింపు పొందుతాడు. అది తెలియనివాడు ఎంత కష్టపడినా బరువులు అందించే సహాయకుడుగానే మిగిలిపోవచ్చును. కావున ఈ వ్యాసములో ఒక చిన్న పనిని తీసుకొని, అందులోని గణితమును పరిశీలింతము.

గదిలో గోడయు, పైకప్పును కలిసే చోట చుట్టూ అమర్చే అలంకారపు పట్టీని మనవారు కార్నీసు అంటారు. పూర్వము దీనిని డంగుసున్నముతో తీర్చేవారు. నేడు టేకుతోను, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తోను చేస్తున్నారు. పట్టీని తిన్నగా బిగించుట కష్టము కాదు. మూల వద్ద రెండు పట్టీలు కలిసే చోటనే పనితనము బయటపడుతుంది. సాధారణముగా రెండింటిని 45 డిగ్రీలకు కోసి కలుపుతారు. అయినను తరచుగా నడుమ సందు ఏర్పడుతుంది. దీనికి రెండు కారణములు ఉన్నవి. గోడల మూల సరిగా 90 డిగ్రీలు ఉండకపోవుట మొదటిది. పట్టీ గోడకు గాని, కప్పుకు గాని అంటి పడుకొనక, రెండింటి నడుమ ఏటవాలుగా నిలుచుట రెండవది.

మొదటి కారణమును చూతము. జగిత్యాల కోటను చూచినవారికి మూలలన్నియు లంబకోణములు కావని వేరుగా చెప్పనవసరము లేదు. 18వ శతాబ్దమునకు చెందిన ఆ కోట నక్షత్రాకారములో ఉన్నది. అక్కడ కోణభేదము కంటికి కనిపిస్తుంది. మన ఇండ్ల గదులలో భేదము ఒకటి రెండు డిగ్రీలే కనుక కంటికి కనిపించదు గాని, పట్టీకి తెలిసిపోతుంది. పట్టీ గదిలోనికి 4 అంగుళములు పొడుచుకొని వచ్చినదనుకొందము. మూల 92 డిగ్రీలు ఉండగా రెండు ముక్కలను 45 డిగ్రీలకే కోసినచో, గది వైపు చివర సుమారు అంగుళములో అయిదవ వంతు, అనగా 5 మిల్లీమీటర్ల సందు ఏర్పడుతుంది.

మూలను కొలుచుటకు ఖరీదైన యంత్రము అవసరము లేదు. పట్టీ అమర్చే ఎత్తులోనే, మూల నుండి ఒక గోడ మీద 3 అడుగుల వద్ద, రెండవ గోడ మీద 4 అడుగుల వద్ద గుర్తులు పెట్టవలెను. ఆ గుర్తుల నడుమ దూరము సరిగా 5 అడుగులైనచో మూల లంబకోణము. దీర్ఘచతురస్రపు కర్ణమును గూర్చిన ఈ నియమము బౌధాయన శుల్బసూత్రములలోనే ఉన్నది. మేస్త్రీలు నేటికీ పునాది గీయుటకు దీనినే వాడుతున్నారు. ఆ దూరము 5 అడుగులకు ఎంత హెచ్చినదో, ఎంత తగ్గినదో చూచి కోణమును కూడ తెలిసికొనవచ్చును. ప్రతి అర అంగుళము భేదమునకు సుమారు ఒక డిగ్రీ. దూరము 5 అడుగుల 1 అంగుళము అయినచో మూల 92 డిగ్రీలు. 4 అడుగుల 11 అంగుళములు అయినచో 88 డిగ్రీలు. సెంటీమీటర్లలో 60, 80, 100 కొలతలు తీసుకొన్నచో ఒక డిగ్రీకి సుమారు 8 మిల్లీమీటర్లు వస్తుంది.

గదిలోనికి పొడుచుకొని వచ్చిన స్తంభపు మూలను ఈ విధముగా కొలువలేము. నడుమ గోడ అడ్డము. అక్కడ రెండు తిన్నని చెక్కబద్దలను రెండు ముఖముల వెంట ఆనించి, మూలను దాటి ఒకదానినొకటి ఖండించునట్లు పొడిగించవలెను. బద్దల నడుమ ఎదురుగా ఏర్పడే కోణము మూలకోణమునకు సమానము. శీర్షాభిముఖ కోణములు సమానములని చదివిన సిద్ధాంతము ఇక్కడ అక్కరకు వస్తుంది.

కోణము తెలిసిన పిదప దానిని సగము చేయవలెను. సిరిసిల్లలో నేసిన బట్టను తువాలుగా కుట్టునపుడు మూల వద్ద అంచును ఏటవాలుగా మడుచుట మీరు చూచి ఉంటారు. ఆ మడత మూలకోణమును రెండు సమభాగములు చేస్తుంది. కాగితముతోను ఇట్లే చేయవచ్చును. గోడల మూలకు సరిపడునట్లు దళసరి కాగితమును కత్తిరించి, రెండు అంచులను ఒకదానిపై ఒకటి చేర్చి మడిచినచో, మడత గీతయే అర్ధకోణ రేఖ. అంకె తెలియకున్నను కోతగీత దొరుకుతుంది.

ఇక రెండవ కారణము. ఏటవాలుగా నిలిచే పట్టీని బల్ల మీద వెల్లకిల పరచి 45 డిగ్రీలకు కోసినచో ఎన్నటికీ కలియదు. ఒక ఉదాహరణము తీసుకొందము. గోడ వెంట క్రిందికి 4 అంగుళములు, కప్పు వెంట గదిలోనికి 3 అంగుళములు ఆక్రమించే పట్టీ వెడల్పు 5 అంగుళములు. ఇక్కడ కూడ 3, 4, 5 కొలతలే వచ్చినవి. మూల 90 డిగ్రీలైనపుడు, పట్టీ గదిలోనికి ఎంత ముందుకు వచ్చినదో కోత పొడవు వెంట అంతే జరుగవలెను. అనగా 5 అంగుళముల వెడల్పు దాటులోపల కోతగీత 3 అంగుళములు జరుగవలెను. 3ను 5చే భాగింపగా 0.6 వస్తుంది. 0.6 టాన్జెంటుగా గల కోణము సుమారు 31 డిగ్రీలు. దీనితో పాటు రంపమును కూడ సుమారు 34 డిగ్రీల 30 నిమిషములు ఒరిగించవలెను. గోడ వెంటను, కప్పు వెంటను సమానముగా ఆక్రమించే పట్టీకి ఈ రెండు కోణములు వరుసగా 35.3 డిగ్రీలు, 30 డిగ్రీలు. మూల 92 డిగ్రీలైనచో మన ఉదాహరణములో కోత 3 అంగుళములకు బదులు 2.9 అంగుళములు జరిగిన చాలును. రంపపు ఒరుగు కూడ కొద్దిగా తగ్గుతుంది.

ఇంతటి లెక్క లేకుండ కోయుటకు వడ్రంగులు ఒక ఉపాయము చేస్తారు. మైటర్ బాక్సులో పట్టీని తలక్రిందులుగా, అది గదిలో నిలిచే వాలులోనే నిలుపుతారు. బాక్సు అడుగుభాగమును కప్పుగా, ప్రక్కపలకను గోడగా భావించవలెను. పట్టీ జారకుండ ఒక బద్దను కొట్టి ఆపవలెను. అప్పుడు రంపము ఒరిగించు పని లేదు. 90 డిగ్రీల మూలకు అడ్డకోత నుండి 45 డిగ్రీలు, 92 డిగ్రీల మూలకు 44 డిగ్రీలు చాలును. ఎటు కోయవలెనో తికమక పడకుండ ఒక నియమము గుర్తుంచుకొనవలెను: గది లోపలి మూలలో గోడను తాకే అంచు పొడవుగాను, స్తంభము వంటి వెలుపలి మూలలో కప్పును తాకే అంచు పొడవుగాను ఉండవలెను.

అసలు పట్టీని కోయుటకు ముందు జానెడు తునకలపై కోసి, మూలలో ఆనించి చూచుట మేలు. కోరుట్లలో బీడీలు చుట్టేవారు రేకు ముక్కను ఆకుపై ఉంచి కత్తిరించుట మనకు తెలిసినదే. ప్రతి ఆకును వారు కొలువరు. సరియైన అచ్చు ఒకటి ఉన్న చాలును. సరిగా కలిసిన తునకలు కూడ అట్టి అచ్చులే. వాటిపై ఏ మూలకు చెందినవో వ్రాసి దాచుకొనవలెను. విద్యుత్ రంపము వాడునపుడు కండ్లకు అద్దములు, ముక్కునకు గుడ్డ తప్పనిసరి.

ఈ విద్య ఒక్క జాతిదో, ఒక్క భాషదో కాదు. గునియా అనే మాట గ్రీకు భాషలో కోణమును తెలిపే 'గోనియా' నుండి బయలుదేరి, పారసీకము, ఉర్దూల మీదుగా మన మేస్త్రీల నోటికి వచ్చినది. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయములోని 'జ్యా', దానికి పర్యాయమైన 'జీవా' అరబ్బులకు 'జిబ' అయినది. దానిని 'జైబ్' అని చదివినందున లాటిను భాషలో అదే అర్థము గల 'సైనస్'గా మారి, నేటి సైన్ అయినది. మనము చొక్కాకు కుట్టించుకొనే జేబు కూడ ఆ 'జైబే'. త్రికోణమితికి భయపడే విద్యార్థి దాని పేరును దినమంతయు ఎదపై మోయుచునే ఉన్నాడు!

పదవ శతాబ్దమున బాగ్దాదులో అబుల్ వఫా బూజ్జానీ అనే గొప్ప గణితవేత్త ఉండెను. ఆయన పనివారికి అవసరమైన రేఖాగణిత నిర్మాణములను గూర్చి ప్రత్యేకముగా ఒక గ్రంథము రచించెను. పనివారికి ఉపపత్తి తెలియక పొరపాట్లు జరుగుతున్నవనియు, గణితవేత్తలకు చేతిపని తెలియక వారి పరిష్కారములు ఆచరణకు అందుటలేదనియు ఆయన గుర్తించెను. వేయి సంవత్సరములు గడచినను ఆ మాట మన తరగతి గదులకు వర్తిస్తూనే ఉన్నది.

విద్యార్థి మిత్రులారా! ఈ సెలవులలో మీ గది నాలుగు మూలలను 3, 4, 5 కొలతలతో కొలిచి, ఫలితములను కాగితముపై వ్రాయండి. వాటిని తీసుకొని వెళ్ళి, మీ వాడలోని వడ్రంగి మేస్త్రీని ఎట్లు కోస్తారో అడగండి. ఆయన చేయి ఎట్లు కదులునో మీరు చూడండి. ఆ కోత ఎందుకు కలియునో ఆయనకు మీరు చెప్పండి. రెండు పట్టీలు సందు లేకుండ కలియవలెనన్న చెరి సగము కోణము పంచుకొనవలెను. చదువును, పనియు కలియుటకు కూడ అదే మార్గము.